జాన్ మాంటేగు, నాలుగవ శాండ్‌విచ్ ఎర్ల్

జాన్ మాంటేగు, నాలుగవ శాండ్‌విచ్ ఎర్ల్ (నవంబరు 13, 1718 – ఏప్రిల్ 30, 1792) 18వ శతాబ్దానికి చెందిన బ్రిటిషు రాజనీతిజ్ఞుడు. మూడు పర్యాయాలు నౌకాదళ వ్యవహారాల మంత్రిగా, రెండు పర్యాయాలు విదేశాంగ బాధ్యతలు గల కార్యదర్శిగా పనిచేశాడు. కెప్టెన్ జేమ్స్ కుక్ సముద్రయాత్రలకు అండగా నిలిచాడు. రెండు రొట్టె ముక్కల నడుమ మాంసం పెట్టుకొని తినే శాండ్‌విచ్ అనే వంటకానికి ఈయన బిరుదు నుండే ఆ పేరు వచ్చింది. నలభై ఏళ్ళకు పైబడిన ఈయన ప్రజాజీవితం కంటే ఆ చిరుతిండి పేరే లోకంలో ఎక్కువగా నిలిచింది. జూదపు బల్ల విడిచి లేవలేక ఈయన ఈ తిండిని కనిపెట్టాడన్న కథ బహుళ ప్రచారంలో ఉన్నా, దానికి ఉన్న ఆధారం చాలా బలహీనమైనది.

1919 నాటి మాంటేగు – చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలతో ముడిపడిన ఎడ్విన్ మాంటేగు వేరు, ఈయన వేరు.

వంశం, బాల్యం

శాండ్‌విచ్ అనేది ఇంగ్లండులోని కెంట్ జిల్లాకు చెందిన ఒక పాత రేవు పట్టణం. జాన్ పూర్వీకుడైన ఎడ్వర్డ్ మాంటేగు నౌకాధిపతి. 1660లో రెండవ చార్లెస్ రాజును ప్రవాసం నుండి ఇంగ్లండుకు తీసుకొని వచ్చినందుకు ఆయనకు ఎర్ల్ పదవి లభించింది. ఆ పదవికి శాండ్‌విచ్ పట్టణం పేరు పెట్టుకున్నాడు. కుటుంబ నివాసం మాత్రం హంటింగ్‌డన్ సమీపంలోని హించింగ్‌బ్రూక్ భవనం.

జాన్ తండ్రి కూడా ఎడ్వర్డ్ మాంటేగు అనే పేరు గలవాడే. ఆయన 1722లో మరణించాడు. అప్పటికి జాన్ వయస్సు నాలుగేళ్ళు కూడా నిండలేదు. 1729లో తాతగారు మరణించడంతో పదేళ్ళ వయస్సులోనే జాన్ నాలుగవ ఎర్ల్ అయ్యాడు. బిరుదు గొప్పదే గాని ఆస్తి అంతంతమాత్రం. ఆనాటి ప్రభువర్గంలో ఈయన ధనికుడు కాడు. జీవితమంతా ప్రభుత్వ పదవుల జీతభత్యాల అవసరం ఈయనకు ఉండేది. ప్రత్యర్థులు ఈయనను పదవీలోలుడని నిందించడానికి ఇది ఒక కారణం.

ఈటన్ పాఠశాలలోను, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని ట్రినిటీ కళాశాలలోను విద్యాభ్యాసం జరిగింది.

యాత్రలు, వివాహం

ఆ కాలంలో సంపన్న యువకులు చదువు ముగిశాక ఫ్రాన్సు, ఇటలీ చూసి రావడం ఆనవాయితీ. జాన్ మాంటేగు అంతటితో ఆగక 1738 – 39 సంవత్సరాలలో ఓడపై గ్రీసు, టర్కీ, ఈజిప్టు దేశాలను కూడా దర్శించాడు. ఏథెన్స్ నుండి శాసనం చెక్కిన ఒక పాలరాతి ఫలకాన్ని తెచ్చి తాను చదివిన కళాశాలకు బహూకరించాడు. ఈ యాత్రా వృత్తాంతం ఈయన మరణానంతరం 1799లో పుస్తకంగా వెలువడింది. స్వదేశం చేరాక 1740లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1741లో ఈజిప్టు సొసైటీ స్థాపనలో పాలుపంచుకున్నాడు.

1741లో డొరొతీ ఫేన్‌తో వివాహం జరిగింది. తరువాత ఆమెకు మానసిక అస్వస్థత కలిగింది. 1755 నాటికి దంపతులు వేరుపడ్డారు. వీరి కుమారుడు జాన్ తండ్రి తరువాత అయిదవ ఎర్ల్ అయ్యాడు.

రాజకీయ ప్రవేశం, మద్రాసును తిరిగి ఇప్పించిన సంధి

1744లో బెడ్‌ఫర్డ్ డ్యూక్ నాయకత్వంలోని నౌకాదళ మండలిలో సభ్యునిగా చేరడంతో ఈయన రాజకీయ జీవితం ఆరంభమైంది. ప్రసిద్ధ నౌకాధిపతి జార్జి ఆన్సన్ ఈ మండలిలో సహచరుడు. 1746 నుండి హాలండులో బ్రిటన్ తరఫున శాంతి చర్చలు సాగించాడు. ఆస్ట్రియా వారసత్వ యుద్ధానికి ముగింపు పలికిన 1748 నాటి ఎక్స్ లా షపెల్ సంధిలో బ్రిటిషు ప్రతినిధి ఈయనే.

ఈ సంధి దక్షిణ భారత చరిత్రలో ముఖ్యమైన మలుపు. 1746 సెప్టెంబరులో ఫ్రెంచి నౌకాధిపతి లా బూర్డొనే మద్రాసును పట్టుకున్నాడు. ఉత్తర అమెరికాలో తాము గెలుచుకున్న లూయీబూర్గ్ కోటను ఫ్రెంచివారికి వదులుకొని, బదులుగా బ్రిటిషువారు మద్రాసును తిరిగి పొందారు. 1749లో పట్టణం తిరిగి వారి చేతికి వచ్చింది. తరువాతి కాలంలో కోస్తా తెలుగు జిల్లాలు మద్రాసు కేంద్రంగా గల కంపెనీ పాలనలోనికి వెళ్ళాయి. 1766లో హైదరాబాదు నిజాముతో కుదిరిన ఒప్పందం వలన ఉత్తర సర్కారులపై కంపెనీ అధికారం స్థిరపడింది. మద్రాసు ఫ్రెంచివారి వద్దనే ఉండిపోయి ఉంటే ఈ చరిత్ర మరోలా నడిచి ఉండేది.

1748 ఫిబ్రవరిలో, ఇరవై తొమ్మిదేళ్ళ వయస్సులో, నౌకాదళ మండలి అధ్యక్షుడయ్యాడు. ఈ పదవిని నౌకాదళ మంత్రిత్వం అనవచ్చు. 1749లో మండలి సభ్యులతో కలసి ఓడరేవుల కర్మాగారాలను స్వయంగా తనిఖీ చేసి, అక్కడి సోమరితనాన్ని, దుబారాను వెలికితీశాడు. అదే సంవత్సరం నౌకాదళ క్రమశిక్షణకు సంబంధించిన చట్టాలన్నీ ఒక్క చట్టంగా క్రోడీకరించబడ్డాయి. 1751 జూన్‌లో ప్రభుత్వంలోని ముఠా తగాదాల కారణంగా పదవి కోల్పోయాడు.

విల్క్స్ వివాదం

1763లో కొద్ది నెలలు మళ్ళీ నౌకాదళ మంత్రి అయ్యాడు. అదే సంవత్సరం విదేశాంగ బాధ్యతలు గల ఉత్తర విభాగ కార్యదర్శి పదవికి మారి 1765 వరకు కొనసాగాడు. అప్పుడే ఈయన పేరుకు తీరని మచ్చ తెచ్చిన ఘటన జరిగింది.

రాజును, మంత్రులను పత్రికలో తీవ్రంగా విమర్శిస్తున్న పార్లమెంటు సభ్యుడు జాన్ విల్క్స్‌ను శిక్షించాలని ప్రభుత్వం నిశ్చయించింది. విల్క్స్ ఇంటి ముద్రణాయంత్రంపై అచ్చయిన ఒక అశ్లీల కావ్యం ప్రతి ప్రభుత్వానికి చిక్కింది. 1763 నవంబరు 15న శాండ్‌విచ్ దానిని ప్రభువుల సభలో చదివి వినిపించాడు. ఇద్దరూ ఒకప్పుడు మిత్రులు. విలాసజీవనంలో శాండ్‌విచ్ కూడా ఏమీ తక్కువవాడు కాడని లోకానికి తెలుసు. కనుక ప్రజల దృష్టిలో దోషి విల్క్స్ కాలేదు, శాండ్‌విచ్ అయ్యాడు. జాన్ గే రచించిన ప్రసిద్ధ సంగీత నాటకం బెగ్గర్స్ ఆపెరాలో స్నేహితుని పట్టించే జెమ్మీ ట్విచర్ అనే దొంగ పాత్ర ఉంది. ప్రేక్షకులు ఆ పేరును ఈయనకు అంటగట్టారు. మరణించేవరకు ఆ ఎగతాళి పేరు ఈయనను వదలలేదు.

1768 నుండి 1770 వరకు పోస్టుమాస్టర్ జనరల్ పదవిలో ఉన్నాడు.

మూడవసారి నౌకాదళ మంత్రిగా (1771 – 1782)

1771 జనవరిలో మూడవసారి నౌకాదళ మంత్రి పదవి చేపట్టి పదకొండేళ్ళకు పైగా కొనసాగాడు. పచ్చి కలపతో హడావిడిగా కట్టిన ఓడలు కొద్ది కాలానికే కుళ్ళిపోతున్న రోజులవి. కలపను తగినంత కాలం ఆరబెట్టి నిలువచేసే పద్ధతిని ఈయన పట్టుదలతో అమలుచేశాడు. కర్మాగారాల తనిఖీలను పునరుద్ధరించాడు. 1779 నుండి, నౌకా నిర్వహణాధికారి చార్లెస్ మిడిల్టన్ సలహాపై, యుద్ధనౌకల అడుగుభాగాలకు రాగిరేకు తొడిగించే పనిని వేగంగా నడిపించాడు. రాగి తొడుగు వలన చెక్కను తొలిచే సముద్రపు పురుగులు, నాచు దరిచేరవు. ఓడ వేగం పెరుగుతుంది. మరమ్మతుకు రేవు చేరవలసిన అవసరం తగ్గుతుంది.

నావికుల ఆహారం కూడా ఈ శాఖ బాధ్యతే. ఆనాటి బ్రిటిషు నావికునికి వారానికి 7 పౌనుల గట్టి బిస్కట్టు, 4 పౌనుల ఉప్పుపట్టిన గొడ్డుమాంసం (సుమారు 1.8 కిలోలు), 2 పౌనుల పందిమాంసం, బఠాణీలు, ఓట్ల పిండి, వెన్న, జున్ను ఇచ్చేవారు. పీపాలలో ఉప్పువేసి నిలువచేసిన మాంసాన్ని ముందుగా నీటిలో నానబెట్టి, పెద్ద కాగులలో గంటల తరబడి ఉడికించవలసి వచ్చేది. శాండ్‌విచ్ పేరుతో ప్రసిద్ధమైన తిండిలోనివి కూడా ఈ రెండు వస్తువులే, గొడ్డుమాంసం, గోధుమ రొట్టె.

అమెరికా యుద్ధం, చెరకు దీవులు

1775లో అమెరికా వలస రాష్ట్రాల తిరుగుబాటు ప్రారంభమైంది. 1778లో ఫ్రాన్సు, 1779లో స్పెయిన్, 1780 చివరలో హాలండు బ్రిటన్‌కు శత్రువులుగా యుద్ధంలో ప్రవేశించాయి. సహాయం చేసే మిత్రదేశం ఒక్కటీ లేదు. ఇంగ్లండు తీరాన్ని, అమెరికాలోని సైన్యాన్ని, జిబ్రాల్టర్‌ను, వెస్టిండీస్ దీవులను, భారతదేశంలోని స్థావరాలను ఒకే నౌకాదళం కాపాడవలసి వచ్చింది. స్వదేశ తీరంలో బలమైన నౌకాదళం లేకుంటే మిగిలినవేవీ నిలువవని శాండ్‌విచ్ వాదించాడు. అయితే నౌకాదళాన్ని ముందుగానే పూర్తిగా సమాయత్తపరచడానికి ఖర్చుకు వెనుదీసిన ప్రధానమంత్రి లార్డ్ నార్త్ ఒప్పుకోలేదు.

జమైకా మొదలైన దీవుల చెరకు తోటలు బానిసల శ్రమపై నడిచేవి. అక్కడి పంచదార మీది రాబడి బ్రిటన్ యుద్ధ ఖర్చుకు ఆధారం. అందువలన స్వదేశంపై దండయాత్ర ప్రమాదం ఉన్నా ఆ దీవులను వదులుకోరాదని మూడవ జార్జి రాజు పట్టుబట్టాడు. 1779 చివరలో అప్పులపాలై ఉన్న జార్జి రోడ్నీని వెస్టిండీస్ నౌకాధిపతిగా శాండ్‌విచ్ ఎంపిక చేశాడు. 1782 ఏప్రిల్ 12న సెయింట్స్ దీవుల వద్ద రోడ్నీ గెలిచి జమైకాను కాపాడాడు. కాని అప్పటికి శాండ్‌విచ్ పదవిలో లేడు.

భారతదేశ తీరంలో నౌకాధిపతి ఎడ్వర్డ్ హ్యూస్ మద్రాసు కేంద్రంగా పనిచేశాడు. ఫ్రెంచి నౌకాధిపతి సఫ్రెన్‌తో ఆయన చేసిన అయిదు యుద్ధాలలో మొదటిది 1782 ఫిబ్రవరి 17న సద్రాస్ వద్ద, శాండ్‌విచ్ మంత్రిగా ఉండగానే జరిగింది.

1778 జూలై 27న ఉషాంత్ వద్ద జరిగిన యుద్ధం ఫలితం తేలకుండా ముగిసింది. నౌకాధిపతి కెప్పెల్, ఆయన కింది అధికారి పాలిసర్ పరస్పరం నిందించుకున్నారు. కెప్పెల్ ప్రతిపక్షీయుడు, పాలిసర్ శాండ్‌విచ్ సహచరుడు. 1779 ఫిబ్రవరిలో సైనిక న్యాయస్థానం కెప్పెల్‌ను నిర్దోషిగా ప్రకటించగా, లండన్ జనం శాండ్‌విచ్ కార్యాలయంపై కూడా దాడిచేశారు. నౌకాదళం రెండు రాజకీయ వర్గాలుగా చీలిపోయింది. 1781 అక్టోబరులో యార్క్‌టౌన్ వద్ద బ్రిటిషు సైన్యం లొంగిపోయింది. 1782 మార్చిలో నార్త్ ప్రభుత్వం పడిపోవడంతో శాండ్‌విచ్ పదవీకాలం ముగిసింది.

కెప్టెన్ కుక్ యాత్రలు

కుక్ రెండవ (1772 – 75), మూడవ (1776 – 80) యాత్రలు శాండ్‌విచ్ మంత్రిత్వకాలంలో ఆయన ప్రోత్సాహంతో సాగాయి. రెండవ యాత్రలో కుక్ స్వయంగా నడిపిన రిజల్యూషన్ ఓడలో స్కర్వీ వ్యాధితో ఒక్కరు కూడా మరణించలేదు. దీర్ఘ సముద్రయానాలలో ఇది అపూర్వం. 1778 జనవరిలో కుక్ హవాయి ద్వీపాలను చేరి వాటికి శాండ్‌విచ్ దీవులని పేరు పెట్టాడు. 19వ శతాబ్దంలో ఆ పేరు క్రమంగా వాడుక తప్పింది. దక్షిణ అట్లాంటిక్‌లోని దక్షిణ శాండ్‌విచ్ దీవులు మాత్రం నేటికీ ఈయన పేరుతోనే ఉన్నాయి. 1779 ఫిబ్రవరి 14న కుక్ హవాయిలో హతుడయ్యాడు.

మార్తా రే

భార్యతో వేరుపడిన తరువాత శాండ్‌విచ్ మార్తా రే అనే గాయనితో దాదాపు ఇరవై సంవత్సరాలు జీవించాడు. ఆమెకు సంగీతం నేర్పించాడు. హించింగ్‌బ్రూక్‌లో జరిగే కచేరీలలో ఆమె ప్రధాన గాయని. అయితే వివాహబంధం లేనందున ఆమెకు సంఘంలో గౌరవస్థానం గాని, భవిష్యత్తుకు భరోసా గాని ఉండేది కాదు. వీరి సంతానంలో బేసిల్ మాంటేగు (1770 – 1851) న్యాయవాదిగా, రచయితగా పేరుపొందాడు.

1779 ఏప్రిల్ 7 రాత్రి కోవెంట్ గార్డెన్ నాటకశాల వెలుపల, ఆమెను ప్రేమించి తిరస్కృతుడైన జేమ్స్ హాక్‌మన్ అనే మతాధికారి ఆమెను తుపాకితో కాల్చి చంపాడు. పన్నెండు రోజులకే, ఏప్రిల్ 19న, అతనిని ఉరితీశారు. కెప్పెల్ వివాదం, యుద్ధభారం, ఈ దుర్ఘటన ఒకే సంవత్సరంలో మీదపడినా శాండ్‌విచ్ పదవి విడువలేదు.

సంగీతాభిమానం

శాండ్‌విచ్‌కు సంగీతమంటే ప్రాణం. 1761లో స్థాపించబడిన క్యాచ్ క్లబ్ ముఖ్యులలో ఒకడు. హించింగ్‌బ్రూక్‌లో హాండెల్ సంగీత రూపకాలను ప్రదర్శింపజేసి, తాను స్వయంగా భేరీలు వాయించేవాడు. 1776లో ప్రారంభమైన ప్రాచీన సంగీత కచేరీల వెనుక కూడా ఈయన కృషి ఉంది.

శాండ్‌విచ్ అనే తిండి పేరు

రొట్టెలో మరో పదార్థాన్ని చుట్టుకొని తినడం ఎవరూ కనిపెట్టవలసినది కాదు. రొట్టె తినే ప్రతి దేశంలోను అది అనాదిగా ఉన్నది. తెలంగాణ రైతు జొన్నరొట్టెలో కూర పెట్టుకొని పొలానికి తీసుకొని వెళ్ళడం కూడా ఇటువంటిదే. శాండ్‌విచ్ ఎర్ల్ వలన వచ్చినది ఆ తిండికి పేరు మాత్రమే.

ఈ పదం మొదటిసారి కనిపించేది చరిత్రకారుడు ఎడ్వర్డ్ గిబ్బన్ దినచర్యలో, 1762 నవంబరు 24వ తేదీ కింద. లండన్ క్లబ్బులో పెద్దమనుషులు రాత్రిపూట శాండ్‌విచ్ తింటున్నారని అందులో రాశాడు. జూదం కథకు మూలం ఫ్రెంచి యాత్రికుడు పియేర్ జాన్ గ్రోస్లే. 1765లో లండన్‌లో ఉన్న ఆయన 1770లో ప్రచురించిన పుస్తకంలో, ఒక మంత్రి ఇరవై నాలుగు గంటలు జూదపు బల్ల వద్దనే కూర్చొని రొట్టె ముక్కల నడుమ గొడ్డుమాంసం పెట్టుకొని తిన్నాడని వినికిడి కబురుగా రాశాడు. ఈ ఒక్క వాక్యం తప్ప వేరే సమకాలీన సాక్ష్యం లేదు. పైగా 1765 ప్రాంతంలో శాండ్‌విచ్ ఊపిరిసలపని మంత్రి పదవిలో ఉన్నాడు. ఈయన జీవిత చరిత్ర రాసిన ఎన్. ఏ. ఎం. రాడ్జర్ అభిప్రాయంలో, పొద్దుపోయేవరకు కాగితాలతో కుస్తీపట్టే మంత్రి రాతబల్ల వద్దనే ఈ తిండి తిని ఉండడమే ఎక్కువ సంభావ్యం.

1773లో షార్లెట్ మేసన్ ప్రచురించిన వంటల పుస్తకంలో శాండ్‌విచ్ తయారీ పద్ధతి ఉంది. వెన్న రాసిన పలుచని రొట్టె ముక్కల నడుమ పలుచని గొడ్డుమాంసం ముక్కలు అమర్చడమే ఆ పద్ధతి. సుమారు పదేళ్ళలోనే క్లబ్బు తిండి ఇంటి వంటగా మారిందని దీనివలన తెలుస్తుంది.

నెమ్మది వంట, నిజామాబాదు ప్రాంతం

తీరిక లేని మనిషికి తేలిక భోజనం అన్న శాండ్‌విచ్ లక్షణం 20వ శతాబ్దంలో మరో రూపం పొందింది. అమెరికాలోని షికాగోకు చెందిన ఇర్వింగ్ నాక్సన్ 1936లో దరఖాస్తు చేసిన విద్యుత్తు పాత్రకు 1940లో పేటెంటు లభించింది. 1971 నుండి ఇది క్రాక్‌పాట్ పేరుతో అమ్ముడై ప్రసిద్ధమైంది. దీనినే స్లో కుక్కర్ అంటారు. ఉదయం మాంసం, ఉల్లిపాయలు, వెల్లుల్లి, మిరియాలు, కొద్దిగా నీరు వేసి పెడితే, తక్కువ వేడిపై సుమారు 8 గంటలలో ఉడుకుతుంది. భుజం వంటి గట్టి భాగాల్లోని కొల్లాజెన్ ఈ నిదాన వేడికి కరిగి జెలటిన్‌గా మారుతుంది. అందువలన చవకైన ముక్క కూడా పీచుపీచుగా విడిపోయేంత మెత్తబడుతుంది. సాయంత్రం దానిని చిదిమి రొట్టెలో పెట్టి, మిగిలిన రసంతో వడ్డిస్తే ఇంటిల్లిపాదికి రాత్రి భోజనం సిద్ధమవుతుంది.

ఇందూరు అనే పూర్వనామం గల నిజామాబాదులోను, బోధన్ పరిసరాలలోను గొడ్డుమాంసాన్ని పెద్దకూర అని, దక్కనీ ఉర్దూలో బడే కా గోష్త్ అని వ్యవహరిస్తారు. 1977 నాటి రాష్ట్ర చట్టం గోవధను నిషేధించినందున ఇక్కడ ఎక్కువగా దొరికేది బర్రె, దున్న మాంసమే. ఇది గట్టిది కనుక సన్నని మంటపై చాలాసేపు ఉడికించాలి. స్లో కుక్కర్ లేని ఇంట్లో మందపాటి అడుగు గల గిన్నెకు మూత బిగించి, సన్నసెగపై మూడు నాలుగు గంటలు ఉంచితే అదే ఫలితం వస్తుంది. బేకరీలో దొరికే రొట్టెను ఇక్కడ డబుల్ రొట్టె అంటారు.

శాండ్‌విచ్ కాలంలో యూరపు రాజ్యాలు చెరకు దీవుల కొరకు నౌకలు మోహరించగా, నిజామాబాదు ప్రాంతంలో చెరకు సాగు విస్తరించింది చాలా కాలం తరువాత. 1931లో మంజీరపై నిజాంసాగర్ పూర్తయింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. ఆ కర్మాగారం 2015లో మూతపడింది.

చివరి రోజులు, చరిత్రలో స్థానం

1782 తరువాత శాండ్‌విచ్ రాజకీయాలలో పెద్దగా పాల్గొనలేదు. 1792 ఏప్రిల్ 30న, డెబ్బయి మూడేళ్ళ వయస్సులో మరణించాడు.

ఓడిన యుద్ధానికి ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. 19వ శతాబ్దపు చరిత్రకారులు ఆ భారాన్ని ఎక్కువగా శాండ్‌విచ్‌పై మోపారు. అవినీతిపరుడు, అసమర్థుడు, జూదరి అన్న చిత్రం పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. 1932 – 38 మధ్య ఈయన పత్రాలు నాలుగు సంపుటాలుగా ప్రచురితమయ్యాయి. 1993లో రాడ్జర్ రాసిన జీవిత చరిత్ర వెలువడింది. వీటివలన ఆ అభిప్రాయం చాలావరకు మారింది. నియామకాలలో రాజకీయ సిఫారసులను ఈయన పాటించిన మాట నిజం. విల్క్స్ విషయంలో చేసిన పని గౌరవప్రదమైనది కాదు. అయితే ఈయన తెల్లవారగానే పనికి కూర్చొనే పాలకుడని, కలప నిలువల నుండి రాగి తొడుగు వరకు ఈయన వేసిన పునాదులపైనే తరువాతి తరం బ్రిటిషు నౌకాదళం నిలబడిందని నేటి చరిత్రకారులు పలువురు అంగీకరిస్తున్నారు.